సైకిల్ స్టాండు పక్కన అంబలి కుండ

మొన్న ఎండాకాలం మొదట్లో గోదావరిఖని చౌరస్తాలో ఆటో దిగుతుంటే పులిసిన తైదపిండి, అదే రాగిపిండి వాసన ముక్కుకు తగిలింది. బొగ్గు లారీలు లేపిన దుమ్ము, డీజిల్ పొగ, మిర్చి బజ్జీల నూనె వాసన, వీటన్నిటి మధ్య నుంచి ఆ పులుపు దారి చేసుకుని వచ్చింది. పక్కనే తోపుడు బండి మీద తడి గుడ్డ చుట్టిన పెద్ద కుండ. బండి దగ్గరి ఆమె గరిటెతో అంబలి కలిపి, సన్నగా తరిగిన ఉల్లిగడ్డ వేసి, స్టీలు గ్లాసు నా చేతిలో పెట్టింది. ఇప్పుడు అంబలి మంచిదని డాక్టర్లే చెబుతున్నారు కాబట్టి కార్లు ఆపి మరీ తాగుతున్నారు జనం. నేను గ్లాసు పట్టుకుని అలాగే నిలబడ్డాను. "ఏంది సార్, గట్ల సూస్తున్నవ్? ఈగ గిట్ల పడ్డదా?" అందామె. ఈగ పడలేదు. నరహరి సార్ గుర్తుకొచ్చారు.

నరహరి సార్ మా బాయి వెల్ఫేర్ ఆఫీసరు. బొగ్గు గనిని మా దిక్కు బాయి అంటాం. నేను ఆయన దగ్గర గుమాస్తాను. తెలంగాణ ఇంకా రాలేదు, వస్తుందన్న ఆశ మాత్రం ప్రతి చాయ్ హోటల్లోనూ గట్టిగా వినపడుతున్న కాలం అది. సార్ వాళ్ళది మంథని. తాతల కాలం నుంచి గుడి సేవ, బడిపంతులు ఉద్యోగాలు చేసుకుంటూ వచ్చిన ఇల్లు. మనిషి పొట్టి, నుదుట చిన్న బొట్టు, ఎప్పుడూ ఇస్త్రీ నలగని తెల్ల చొక్కా. పాత స్కూటరు మీద వచ్చేవారు. స్కూటరు ముందు కొక్కేనికి నాలుగు గిన్నెల టిఫిన్ క్యారియర్ వేలాడుతూ ఉండేది. మధ్యాహ్నం గది తలుపు దగ్గరకు వేసుకుని ఆ క్యారియర్‌లోదే తినేవారు. బయట ఎక్కడా ఏమీ ముట్టేవారు కాదు. మా అటెండర్‌కు సార్ టేబుల్ మీద ఒక్క కప్పు చాయ్ పెట్టే అవకాశం ఎన్నడూ రాలేదు. కార్మికుల ఇళ్ళల్లో పెళ్ళిళ్ళకు పిలిస్తే తప్పకుండా వెళ్ళేవారు. అక్షింతలు వేసి, పెళ్ళికొడుకు తండ్రి భుజం తట్టి, భోజనాల వేళకు చేతులు వెనక్కి కట్టుకుని బంతి మధ్యలో తిరుగుతూ "కడుపునిండ తినుండ్రి" అని అందరికీ చెప్పి వచ్చేసేవారు. దాన్ని ఎవరూ తప్పు పట్టలేదు. సార్ పద్ధతి అంతే అనుకునేవారు. నేనూ అలాగే అనుకున్నాను.

ఒకసారి జీఎం సార్ భార్య హైదరాబాద్‌లో ఏదో వంటల ప్రదర్శన చూసి వచ్చారు. మన తిండి మన గొప్ప అని అందరూ అంటున్న రోజులు కావడంతో, మన దగ్గర కూడా అలాంటిది పెట్టాలని మాట పైనుంచి వచ్చింది. ఆ పని వెల్ఫేర్ సెక్షన్ మీద, అంటే సార్ మీద, సార్ నుంచి నా మీద పడింది. నాకు ప్రమోషన్ రావలసిన ఏడాది. ఆఫీసర్ల క్లబ్బు పచ్చికలో తెల్లగుడ్డ పరిచిన టేబుళ్ళు, కరీంనగర్ నుంచి వంటవాళ్ళు, గేటుకు రంగుల లైట్లు, ఇలా ఓ పెద్ద ప్లాను రాసి సార్ ముందు పెట్టాను. ఆయన మొత్తం చదివి కళ్ళద్దాలు తీశారు.

"బాగనే ఉన్నది సంపత్. గని మీ నాయిన బతికుంటె దీనికి వచ్చునా?"

"రాడు సార్."

"ఎందుకు?"

"క్లబ్బు గేటు లోపలికి ఆయన ఎన్నడు పోలే. అక్కడ కూసుంటె అన్నం గొంతు దిగదనేటోడు."

"మరి ఎక్కడ కూసుంటె దిగేది?"

మా నాన్న కోల్ ఫిల్లర్. పేల్చిన బొగ్గును తట్టలతో ఎత్తి టబ్బుల్లో నింపేవాడు. బొగ్గు దుమ్ముకు దమ్ము జబ్బు వచ్చి, రిటైరయ్యాక ఎక్కువ కాలం బతకలేదు. కానీ బతికినంతకాలం బాయిలో తిన్న సద్ది గురించే మాట్లాడేవాడు. నేను ఆ సంగతి సార్‌కు చెప్పాను. షిఫ్టు మధ్యలో గ్యాంగు అంతా పైకప్పు గట్టిగా ఉన్న చోటు చూసుకుని గుండ్రంగా కూర్చునేవాళ్ళు. సద్దిడబ్బాలు మధ్యలో పెట్టి మూతలు తీసేవాళ్ళు. కానీ చివరి మనిషి వచ్చి కూర్చునేదాకా ఎవరూ చెయ్యి పెట్టేవాళ్ళు కాదు. ఒక్కడు తక్కువ ఉన్నాడంటే వాడికి ఏమైందో చూడాలి, తినకూడదు. అందరూ వచ్చాక కూరలన్నీ కలిసిపోయేవి. ఎవరి డబ్బాలో ఎవరి చెయ్యి ఉందో క్యాప్ ల్యాంపుల వెలుగులో తెలిసేది కాదు. "రాజయ్య డబ్బ మూత తీస్తె చాలు సార్, బోటికూర వాసనకు పక్క గ్యాంగోళ్ళు గూడ వచ్చి కూసునేటోళ్ళట" అన్నాను.

సార్ నవ్వారు. "పైకి వచ్చినంక?" అని అడిగారు.

"పైకి వచ్చినంక ఎవరి వాడ వాళ్ళదే సార్."

రాజయ్యది మా ఊరే. వాళ్ళది మాదిగవాడ, మాది కాదు. కింద ఒకే డబ్బాలో తిన్న రాజయ్య మా ఇంటికొస్తే వాకిట్లో నిలబడే నాన్నతో మాట్లాడి వెళ్ళేవాడు. బడి నుంచి వస్తూ నేను రాజయ్య ఇంట్లో అంబలి తాగేవాణ్ణి. ఆయన భార్య మల్లవ్వ గ్లాసు ఇస్తూ "మీ అమ్మకు చెప్పకు కొడుకా, నిన్ను ఏమనది గని నన్ను తిడుతది" అనేది. నేను చెప్పేవాణ్ణి కాదు.

సార్ నా ప్లాను కాగితాలు మడిచి సొరుగులో పెట్టారు. "మీ నాయిన చెప్పినదే పండుగ. బాయిల ఉన్నదాన్ని ఒక్కనాడు పైకి తెద్దాం" అన్నారు. క్లబ్బు పోయి కార్మికుల గ్రౌండు వచ్చింది. వంటవాళ్ళు పోయి క్వార్టర్ల ఆడవాళ్ళు వచ్చారు. ఎవరింటి గొప్ప వంటకం వాళ్ళు చెయ్యాలి, సరుకులు కంపెనీ ఇస్తుంది. పేరు సద్ది పండుగ. పోస్టర్ మీద వాక్యం నేనే రాశాను: బాయిల తిన్నట్టు అందరం ఒక్క కాడ తిందాం. ఆ వాక్యానికి సార్ మెచ్చుకుంటే రెండు రోజులు గాలిలో తేలాను.

పోస్టర్లు ఎక్కడ అంటించాలన్న దగ్గర మళ్ళీ నా తెలివి బయటపడింది. చౌరస్తా, బస్టాండు, జ్యోతినగర్ గేటు అన్నాను. సార్ తల అడ్డంగా ఊపారు. "చౌరస్తాల ఎవడు ఆగి చదువుతడయ్యా? ల్యాంపు రూము కాడ అతికియ్యి." నిజమే. బాయి దిగే ప్రతి మనిషీ తన ల్యాంపు కోసం అక్కడ వరుసలో నిలబడాలి. నిలబడ్డంతసేపూ ఎదుటి గోడను చూడడం తప్ప వేరే పని ఉండదు. చదివినవాడు చదవనివాడికి చెబుతాడు, కిందికి దిగాక షిఫ్టంతా అదే మాట. అలాగే అయింది. వారం తిరక్కుండానే చదువురాని ముసలివాళ్ళు కూడా నన్ను ఆపి "ఏమాయె, మా ఇంటిదాని గారెలకు జాగ రాసినవా లేదా?" అని నిలదీయడం మొదలుపెట్టారు. ఆదివారం పెట్టమన్నదీ సారే. అది ప్లేడే, అంటే కార్మికులకు సెలవు. ఏ షిఫ్టువాడూ నాకు పండుగ తప్పిందని అనుకోకూడదన్నారు.

ఆ ముందు వారం మైకు పెట్టిన ఆటోలో క్వార్టర్లన్నీ తిరిగాం. సార్, నేను, ఓదెలన్న. ఓదెలన్న మా నాన్న గ్యాంగులోవాడే. అప్పటికి కాలనీకి పెద్దమనిషి, బాయి క్యాంటీన్ కమిటీలో సభ్యుడు. మొదటి మైకు సార్ తీసుకున్నారు. గొంతు సవరించుకుని "గౌరవనీయులైన కార్మిక సోదరులకు, సోదరీమణులకు సవినయ మనవి" అని మొదలుపెట్టారు. మూడో లైనులో ఒకామె బట్టలు ఆరేస్తూ "అక్కా, ఎవరో పురాణం చెప్ప వచ్చిండ్రే, పీట తేపో" అని కేకేసింది. ఆటో డ్రైవరు నవ్వు ఆపుకోలేక బండి ఆపేశాడు. ఓదెలన్న మైకు లాక్కున్నాడు. "ఓ అక్కా! ఆదివారం పొయ్యి ముట్టియ్యకు! అన్నం మేం పెడుతున్నం! మీ ఆయన ఇంట్ల పంటె ఆడ్నే పండనియ్యి, పిల్లల తీసుకొని గ్రౌండుకు రా!" లైన్లు లైన్లుగా ఆడవాళ్ళు గేట్ల దగ్గరికి వచ్చారు. సార్ కూడా పొట్ట పట్టుకుని నవ్వారు. ఆయన నవ్వితే భుజాలు మాత్రమే కదిలేవి, చప్పుడు వచ్చేది కాదు.

గొడవ వచ్చింది తాగేదాని దగ్గర. కల్లు లేకుండా దావత్ ఏంటని ఓదెలన్న పట్టుబట్టాడు. "బోటి పెట్టి కల్లు పొయ్యకపోతె మనిషి ముఖం మీదనే ఉమ్ముతడు సార్. పది ఊర్లు నవ్వుతయ్."

"నవ్వనియ్యి ఓదెలూ. ప్లేడే అయినా పంపుల కాడికి దిగేటోళ్ళు ఉంటరు గదా. మనం పోసి కిందికి పంపుదమా వాళ్ళను?"

ఓదెలన్న ఆ మాటకు తల ఊపాడు. బాయిలో ఊరే నీళ్ళు ఆదివారం కూడా తోడాల్సిందే. తాగి దిగినవాడు తనను చంపుకోవడమే కాదు, పక్కవాణ్ణీ చంపుతాడు. మరి కల్లు బదులు ఏంటి అన్నారు సార్. అంబలి అన్నాను. ఎవరు చేస్తారు అన్నారు. ఆలోచించకుండానే మల్లవ్వ పేరు నా నోటి నుంచి వచ్చింది.

రాజయ్య అప్పటికి లేడు. చాలా ఏళ్ళ కింద బాయిలో పైకప్పు బండ మీద పడి చనిపోయాడు. ఆయన ఉద్యోగం మల్లవ్వకు ఇచ్చారు. బాయి క్యాంటీన్‌లో ఊడ్చే పని. వంట పనిలోకి మార్చమని ఆమె ఏటా అడిగేది. కమిటీ ఏటా ఒకే జవాబు చెప్పేది. మల్లవ్వను సార్ మల్లమ్మ అనేవారు. ఆయన ఆమెను పిలిపించిన రోజు కూడా ఓదెలన్న అదే అన్నాడు. "మాకైతె ఏం లేదు సార్. నేనైతె తింట. పబ్లిక్ తినరు. రేపు క్యాంటీన్ల వండింది మిగిలిపోతె మమ్ముల అడుగుతరు."

"అయితే పబ్లిక్‌నే అడుగుదాం. ఆదివారం గ్రౌండు నడుమ మల్లమ్మ అంబలి కుండ పెడుదాం. కుండ ఖాళీ అయితే ఆమెను పొయ్యి కాడికి పంపుత. ఒప్పుకుంటవా?"

ఓదెలన్న ఒప్పుకున్నాడు. మల్లవ్వ కొంగు బిగించుకుంది. "కాకపోతె సార్?" అంది. సార్ ఏదో చెప్పబోయేలోపే ఆమే నవ్వేసి "కాకపోతె ఏముంది, నా చీపురు యాడికి పోదు తియ్యి" అంది. అలా పండుగలో మిగతా అందరికీ అది ఒక సాయంత్రమైతే, మల్లవ్వకు పరీక్ష అయింది. ఆ సంగతి పూర్తిగా తెలిసినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. ఈ మాట ముందే చెప్పుకోవాలి.

శనివారం సాయంత్రం గ్రౌండులో పందిళ్ళు వేయిస్తున్నాను. ఓదెలన్న మరో ఇద్దరిని వెంటబెట్టుకుని వచ్చాడు. గ్రౌండు మధ్యలో వేపచెట్టు కింద మల్లవ్వ కుండ కోసం గీసిన ముగ్గుగీత చూసి నాలుక చప్పరించాడు. "సంపతూ, నీ మంచికే చెప్తున్న. ఆమె కుండ నడుమల పెడితె అటు ఇటు ఉన్న స్టాళ్ళకు గూడ ఎవరు రారు. ఇగ పండుగ బోర్ల పడ్డట్టే. జీఎం సార్ ముంగట రేపు నిలబడేది నరహరి సార్ గాదు, నువ్వు." గేటు ముందరి హోటలాయన కూల్‌డ్రింకుల స్టాలు పెడతానని అంతకుముందే అడిగి ఉన్నాడు. నేను ఎక్కువసేపు ఆలోచించలేదు. వేపచెట్టు కింద చోటు హోటల్‌కు ఇచ్చి, మల్లవ్వను గ్రౌండు వెనకవైపు, సైకిల్ స్టాండు పక్కకు మార్చాను. అంతటితో ఆగినా బాగుండేది. ఆమె ఇంటికి వెళ్ళి, నీళ్ళ ట్యాంకరు అటే ఉంటుందని, గ్లాసులు కడగడానికి ఆమెకు సులువని చెప్పాను. ఆమె నానబెట్టిన పిండి గిన్నె మీద మూత సర్దుతూ "మంచిగ ఆలోచించినవ్ కొడుకా" అంది. ఆ మాట నాకు గుచ్చుకోలేదు. ఇప్పుడు గుచ్చుకుంటుంది. అప్పుడు మాత్రం పని తేలికగా అయిపోయినందుకు సంతోషంగా ఇంటికి వెళ్ళాను.

ఆదివారం మధ్యాహ్నం ఎండ కాస్త తగ్గగానే జనం కదిలి వచ్చారు. మేం అనుకున్నదానికన్నా చాలా ఎక్కువమంది. సర్వపిండి పెనాల దగ్గర తోపులాట. మక్క గారెల దగ్గర ఆడవాళ్ళు పిండి అయిపోయి మళ్ళీ రుబ్బడానికి ఇళ్ళకు పరుగెత్తారు. సకినాలు, జొన్నరొట్టె, పచ్చిపులుసు, తలకాయకూర, దేని ముందు చూసినా వరుసలే. జ్యోతినగర్ నుంచి కరెంటు ప్లాంటు ఇంజనీర్ల కుటుంబాలు కార్లలో వచ్చాయి. జీఎం సార్ భార్య రొట్టె, బెల్లం కలిపిన మలీద ముద్ద తిని ఎలా చేశారని చేసినామెనే అడిగారు. నేను చేతిలో మైకుతో పెళ్ళికొడుకులా తిరుగుతున్నాను. పండుగ గెలిచింది, నేను గెలిచాను అనుకున్నాను. ఆ ఊపులో ఉండగా వెనక నుంచి సార్ గొంతు.

"సంపత్, మల్లమ్మ ఏది?"

"వెనక స్టాండు కాడ సార్. ఆమెనే అడిగింది, నీళ్ళకు దగ్గర కావాలని."

ఆయన నా ముఖంలోకి చూశారు. చేతులు వెనక్కి కట్టుకుని సైకిల్ స్టాండు వైపు నడిచారు. నేనూ మైకు ఎవరికో ఇచ్చి వెంట నడిచాను.

అక్కడ మల్లవ్వ కొత్త చీర కట్టుకుని కుండ వెనక నిలబడి ఉంది. కుండకు ఎర్రగుడ్డ, గుడ్డ మీద మూత. బల్ల మీద కడిగి బోర్లించిన గ్లాసులు. ఎండకు అవి ఎప్పుడో ఆరిపోయాయి. వాటి మీద దుమ్ము కూడా పడింది. బండ్లు పెట్టడానికి వచ్చిన కార్మికులు ఆమెను చూసి తల ఊపి, పక్కనున్న పెళ్ళాం పిల్లలను చూసి, ముందుకు సాగిపోతున్నారు. ఓదెలన్న అక్కడే తన మనుషులతో నిలబడ్డాడు. సార్‌ను చూడగానే ముఖం విచారంగా పెట్టాడు.

"చూసిండ్రా సార్? ఏం చేస్తం. నేను ముందే చెప్తి, పబ్లిక్ తాగరని."

పబ్లిక్ తాగకుండా చేసింది ఎవరో అతనికి తెలుసు, నాకు తెలుసు. మల్లవ్వకు మాత్రం తెలియదనుకున్నాను. ఆమె సార్ వైపు తిరిగింది.

"సార్ వచ్చిండు. తాగనీకి గాదు, సూడనీకి."

సార్ బోర్లించిన గ్లాసుల వైపు చూశారు.

"మిమ్ముల ఏమంటలేను సార్. మీరు జీఎం సార్ ఇంట్ల గూడ తాగరని అందరికి ఎరుకే. మీ పద్ధతి మీది." తర్వాత ఓదెలన్న వైపు చూసింది. "గని నువ్వు చెప్పే ఓదెలన్నా. మా ఆయన డబ్బల ఇన్నేండ్లు చెయ్యి పెట్టినవ్. నాకు గింత బోటి ఎక్కువ వెయ్యమని కబురు గూడ పంపినవ్. గా కూర వండిందెవరే? రాజయ్యనా, నేనా?"

ఓదెలన్న తల దించుకున్నాడు. అతని మనుషుల్లో ఒకడు ముసిముసిగా నవ్వి, వెంటనే ఆపేశాడు. ఆమె గొంతు పెంచలేదు. "కింద చీకట్ల నా చెయ్యి మంచిదైంది. పైన ఎండల పాడైందానే?"

సార్ గిర్రున వెనక్కి తిరిగి సైకిల్ స్టాండు లోపలికి వెళ్ళిపోయారు. ఆమె మాట ఆయనకు తగిలిందని, ఇక వెళ్ళిపోతున్నారని అనుకున్నాను. నిజం చెప్పాలంటే లోపల ఎక్కడో తేలికగా కూడా అనిపించింది. ఆయన తన స్కూటరు దగ్గరికి వెళ్ళి కొక్కేనికున్న టిఫిన్ క్యారియర్ తీసుకుని తిరిగి వచ్చారు. ఆ రోజు హడావుడిలో ఆయన ఇంకా తినలేదు. కుండ ముందు మట్టిలో ఇస్త్రీ ప్యాంటుతోనే కూర్చున్నారు. క్యారియర్ విప్పి గిన్నెలు ఒక్కొక్కటే ముందు పెట్టారు. పులిహోర, పెరుగన్నం, ఏదో పచ్చడి.

"బాయిల ఎట్ల కూసుంటరో నాకు తెల్వదు. ఎన్నడు దిగి చూడలే. ఎవరన్న చూపియ్యిండ్రి" అన్నారు.

మొదట కదిలింది ఓదెలన్నే. చెప్పులు విడిచి వచ్చి సార్ ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. "గిట్ల సార్. మోకాళ్ళు పైకి. పైన ఏమన్న చప్పుడైతె దబ్బున లేవాలె గదా." తర్వాత అతని మనుషులు. తర్వాత బండి స్టాండు వేస్తున్న ఓ ముసలి ఫిల్లరు, అతని వెంట ఇంకొందరు. కొందరి చేతుల్లో స్టాళ్ళ దగ్గర తీసుకున్న ఆకు దొన్నెలు ఉన్నాయి. అవీ మధ్యలోకి వచ్చాయి. మల్లవ్వ గ్లాసులు మళ్ళీ కడిగి, కుండ మూత తీసి, ఒక్కొక్కరికీ అంబలి పోసింది. సార్ చేతిలో కూడా పెట్టింది. ఆయన తీసుకున్నారు. చుట్టూ జనం గుమిగూడారు.

కానీ ఎవరూ తాగలేదు. గ్లాసులు చేతుల్లోనే ఉన్నాయి. సార్‌కు అర్థం కాక పక్కవాళ్ళ ముఖాలు చూశారు. ఓదెలన్న నెమ్మదిగా అన్నాడు. "ఇంక ఒకడు నిలబడ్డడు సార్."

అందరూ నా వైపు చూశారు. పోస్టర్ మీద ఆ వాక్యం రాసినవాణ్ణి, ఆ పద్ధతిని సార్‌కు చెప్పినవాణ్ణి, ఆ కుండను అక్కడికి తోసినవాణ్ణి, నేను సైకిళ్ళను ఆనుకుని నిలబడి ఉన్నాను. నేను వెళ్ళి కూర్చునేదాకా వాళ్ళు తాగరు. ఏళ్ళ తరబడి బాయిలో అట్లా తిన్నవాళ్ళు వాళ్ళు, అది వాళ్ళకు కొత్తగా నేర్పాల్సిన పని కాదు. మల్లవ్వ ఒక గ్లాసు నింపి పట్టుకుంది.

"దా కొడుకా. నీళ్ళకు దగ్గర అన్నవ్ గదా, సులువుగనే ఉన్నది, దా. చిన్నప్పుడు ఎవరికి చెప్పకుంట తాగినవ్. ఇయ్యాల అందరి ముంగట తాగు."

ఆమెకు తెలుసు. శనివారం సాయంత్రం నేను గడపలో నిలబడ్డప్పుడే తెలుసు. నేను వెళ్ళి కూర్చున్నాను. ఓదెలన్న జరిగి చోటిచ్చాడు. "మీ నాయిన కూసునే దిక్కు" అన్నాడు అంతే. అప్పుడు అందరి చేతులూ లేచాయి. సార్ కళ్ళు మూసుకుని, మందు తాగేవాడిలా ఒక గుక్క తాగారు. రెండో గుక్కకు కళ్ళు తెరిచారు. మూడోదానికి ఉల్లిగడ్డ ముక్క నమిలారు. "ఇంకొంచెం ఉప్పు పడాలె మల్లమ్మా" అన్నారు. "ఇగో, తాగకముందు మాట్లాడలే, తాగంగనే వంక పెట్టిండు సార్" అని ఆమె అంటే గుంపంతా పగలబడి నవ్వింది.

అందరూ తాగారని రాయను. గ్లాసు చూసి పిల్లల చెయ్యి పట్టుకుని పక్కకు తప్పుకున్నవాళ్ళను నేనే చూశాను. కానీ చీకటి పడకముందే కుండ అడుగు గీకిన చప్పుడు వినిపించింది. మల్లవ్వ ఖాళీ కుండను ఒక పక్కకు వంచి, లోపల ఏమీ లేదని ఓదెలన్నకు చూపించింది. మరుసటి వారం ఆమె క్యాంటీన్ పొయ్యి దగ్గరికి వెళ్ళింది. కమిటీలో ఓదెలన్న "తాగినోన్ని నేనే, ఇగ నేనేం మాట్లాడుత" అన్నాడట.

పండుగ మర్నాడే, సోమవారం పొద్దున నేను సార్ గదిలోకి వెళ్ళి నిలబడ్డాను. చోటు మార్చింది నేనేనని చెప్పాలని వెళ్ళాను. నోరు తెరిచేలోపే ఆయన చెయ్యి అడ్డం పెట్టారు.

"మల్లమ్మ అడగలేదని నాకు ఎరుకే సంపత్. నువ్వు చెప్పంగనే ఎరుకైంది. నిన్ను తిట్టుదామనే అనుకున్న." కిటికీ వైపు తిరిగారు. "నిన్న ఇంటికి పోంగనే స్నానం చేసిన. చెమట పట్టిందని మా ఆమెకు చెప్పిన. నీళ్ళు పోసుకుంటుంటె నాకు తెలిసింది, చెమటకు గాదని. నేను నిన్నేమని తిట్టాలె చెప్పు?"

అంత పెద్దమనిషి, ఎవరూ అడగని మాటను తన కింది గుమాస్తాకు చెప్పుకోవడం నేను అంతకుముందు చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు. ఆయన తిట్టి ఉంటే నేను తలవంచుకుని విని, ఆ సాయంత్రానికే మరిచిపోయి ఉండేవాణ్ణి. ఆయన మల్లవ్వ దగ్గరికి వెళ్ళి నిజం చెప్పమని కూడా అనలేదు. నేనే వెళ్ళాను. క్యాంటీన్‌లో ఉల్లిగడ్డలు తరుగుతూ ఆమె నా మాటంతా విని, "సరే తియ్యి. గా బస్తా ఇటు జరుపు" అంది. నేను బస్తా జరిపాను. ఆమె క్షమించిందో లేదో నాకు ఈనాటికీ తెలియదు. అడిగే ధైర్యం లేదు.

మర్నాటి నుంచి సార్ మారిపోయారని రాస్తే కూడా అబద్ధమే. స్కూటరు కొక్కేనికి క్యారియర్ వేలాడుతూనే ఉండేది. గది తలుపు మాత్రం మధ్యాహ్నాలు తెరిచి ఉంచేవారు. కొన్ని నెలలకు అటెండర్ దగ్గర చాయ్ తాగడం మొదలైంది. మొదటి రోజు అటెండర్ ఆ కప్పు తెచ్చిన తీరు చూడాలి, పళ్ళెం మీద పళ్ళెం పెట్టుకుని.

రిటైరై ఆయన మంథని వెళ్ళిపోయారు. తెలంగాణ వచ్చిన ఏడాదే అనుకుంటా, ఆ ఎండాకాలం చూడటానికి వెళ్ళాను. పాత ఇల్లు, నల్లరాయి గడపలు. వరండాలోనే కూర్చోబోతే "లోపలికి రా" అని వంటింటి పక్క వసారాలోకి తీసుకెళ్ళారు. ఇంట్లో వాళ్ళు తినే చోటు అది. రెండు విస్తళ్ళు వేసి అమ్మగారు వడ్డించారు. పప్పు, మామిడికాయ పచ్చడి, నెయ్యి. వాసనకు నాకు ఆకలి రేగింది. సార్ చెయ్యి ముందుకు రాలేదు. విస్తరి ముందు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు.

"చల్లారిపోతున్నది, తినుండ్రి" అన్నారు అమ్మగారు, గిన్నె పట్టుకుని నిలబడే.

"నువ్వు గూడ విస్తరి వేసుకో."

"నేనెన్నడు మీతోటి తిన్న? మొగోళ్ళు తిన్నంకనే గదా నేను తినేది."

"ఇన్నేండ్లు నిలబడ్డవ్. ఇయ్యాల కూసో" అన్నారు సార్. నా వైపు చూశారు. "ఇంకొకరు నిలబడ్డరు గదా సంపత్."

అమ్మగారు చాలాసేపు మమ్మల్నిద్దర్నీ మార్చి మార్చి చూశారు. ఈయనకు వయసు మీద పడిందన్నట్టు తల కొట్టుకున్నారు. కానీ మూడో విస్తరి వేసుకుని, చీర కుచ్చిళ్ళు సర్దుకుని, మా ఇద్దరికీ కొంచెం ఎడంగా కూర్చున్నారు. అప్పుడు సార్ మొదటి ముద్ద కలిపారు. ఆయన్ను నేను చూడటం అదే చివరిసారి.

ప్రమోషన్ నాకు వచ్చింది. ఇప్పుడు ఇలాంటి పండుగలు, దావత్‌లు, వీడ్కోలు భోజనాలు చాలానే నా చేతుల మీదుగా జరుగుతుంటాయి. జనం బాగా వస్తారు, ఏర్పాట్లు బాగున్నాయంటారు. కానీ విస్తరి ముందు కూర్చున్నాక నా చెయ్యి వెంటనే కదలదు. ఇంకా ఎవరు నిలబడి ఉన్నారోనని కళ్ళు వెతుకుతాయి. ఎవరో ఒకరు కనిపిస్తారు. చాలాసార్లు, ఆ మనిషిని అక్కడ నిలబెట్టింది నేనేనని కూడా తెలుస్తుంది. అప్పుడు లేచి వెళ్ళి పిలవాలి. పిలిచి, వాళ్ళు వచ్చి కూర్చునేదాకా ఆగాలి.